కుర్తీ పైకెక్కడం, స్కర్టు వెనక లేవడం, స్వెటర్ చుట్టుకుపోవడం: నిండైన ఒంటికి బట్టల సమస్యలు, పరిష్కారాలు

బట్ట ఒంటి మీద సరిగ్గా కూర్చోలేదంటే ముందు అద్దంలో ముడతలు చూడాలి. చేతులు కిందికి వదిలేసి, ఊపిరి బిగబట్టకుండా మామూలుగా నిలబడండి. అడ్డంగా తాడులా బిగిసిన ముడతలుంటే అక్కడ గుడ్డ చాలలేదు. నిలువుగా వేలాడుతుంటే అక్కడ గుడ్డ ఎక్కువైంది. ఏటవాలు ముడతయితే దాని కొస ఎటు చూపిస్తోందో చూడండి, బిగువు అక్కడుంటుంది. చంక కింద నుంచి ఛాతీ వైపు పోయే ముడతను చూసి చాలామంది చంక లూజు చేయించుకుంటారు. అసలు బిగువు ఛాతీ దగ్గరుంది కాబట్టి చంక ఎంత కోసినా ఆ ముడత పోదు.

ఇంకో పొరపాటు సైజు దగ్గర జరుగుతుంది. అనంతపురమైనా, ప్రొద్దుటూరైనా, కర్నూలైనా, సీటు (పిరుదుల దగ్గరి చుట్టుకొలత) పట్టడం లేదంటే షాపులో ఒక సైజు పెద్దది తీసి చేతిలో పెడతారు. సీటు సరిపోతుంది, కానీ భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది, మెడ వదులై వంగాలంటే భయం. భుజం సరిచేయడం ఆల్టరేషన్లన్నిట్లో కష్టమైన పని. బట్ట చేతులు (స్లీవ్‌లు) విప్పి, చంక మళ్లీ కోసి, చేతులు మళ్లీ అతకాలి. అందుకని సైడ్ కట్‌లున్న కుర్తీని ఛాతీకి చూసి కొనండి, సీటు సంగతి కట్ చూసుకుంటుంది. కట్‌లు లేని గౌను, స్ట్రెయిట్ స్కర్టు మాత్రం సీటుకు చూసి కొని, నడుము టైట్ చేయించుకోండి. అంబ్రెల్లా, అనార్కలి లాంటి ఫ్లేర్ బట్టలకు ఛాతీ, నడుము కుదిరితే చాలు.

సీటు కొలత నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని ఒకసారి తీయండి. కూర్చున్నప్పుడు ఒకటి రెండు ఇంచులు పెరగడం మామూలే. సాగని కాటన్‌కు ఒంటి కొలత కంటే ఛాతీ దగ్గర 3 ఇంచులు, సీటు దగ్గర 3 నుంచి 4 ఇంచులు ఎక్కువ ఉండాలి. సాగే హోజరీ బట్టకు ఒంటి కొలతే సరిపోతుంది, ఒక ఇంచు తక్కువైనా పర్లేదు. టైలర్ దగ్గర "అన్నా, కొంచెం లూజు పెట్టు" అంటే ఆయన అంతటా లూజు పెడతాడు. "సీటు దగ్గర మాత్రం రెండు ఇంచులు వదులన్నా, చెస్టు ముట్టుకోవద్దు" అని చోటూ ఇంచులూ కలిపి చెప్పాలి.

నడుస్తుంటే కుర్తీ పైకెక్కి నడుము దగ్గర కుప్పపడుతోంది

సీటు దగ్గర చోటు లేక గుడ్డ, ఒళ్లు సన్నగా ఉన్న చోటు వెతుక్కుంటూ పైకి పోతుంది. కుర్తీ తిరగేసి సైడ్ కుట్టు లోపల ఎంత గుడ్డ వదిలారో చూడండి. ఒక్కో సైడ్ కుట్టులో ముందు గుడ్డ, వెనక గుడ్డ ఉంటాయి, రెండు వైపులా కలిపి నాలుగు. ఒక్కోదాంట్లో అర ఇంచు విప్పి వదిలితే మొత్తం 2 ఇంచులు వస్తాయి. కాటన్ మీద పాత కుట్టు గీత ఒకటి రెండు ఉతుకులకు, తడిగుడ్డ వేసి చేసిన ఇస్త్రీకి చాలావరకు పోతుంది. పట్టు మీద సూది రంధ్రాలు అట్లాగే మిగిలిపోతాయి, అక్కడ ఈ పని పెట్టుకోకండి.

లోపల గుడ్డే లేకపోతే సైడ్ కట్‌ను ఒకటిన్నర ఇంచు పైకి తెరిపించండి. కట్ మొదలయ్యే చోట చిన్న మూడు మూలల ముక్క లోపలి నుంచి వేసి గట్టిగా కుట్టించాలి, లేకపోతే బండెక్కిన రెండో రోజే చిరుగుతుంది. కట్ మొదలు ప్యాంటు నడుము పట్టీకి కనీసం 2 ఇంచులు కిందనే ఉండాలి. అంతకంటే పైకి పోతే చెయ్యెత్తినప్పుడు పక్క కనిపిస్తుంది.

సీటు దగ్గర గుప్పెడు గుడ్డ పట్టుకోగలిగినా పైకెక్కుతోందంటే తప్పు లెగ్గింగ్‌ది. గరుకు కాటన్ లెగ్గింగ్ పై గుడ్డను పట్టి లాగుతుంది. నున్నటి స్ట్రెయిట్ ప్యాంటు వేసి చూడండి.

ఇక గంజి సంగతి. గంజి పెట్టిన కుర్తీ సీటు దగ్గర రెండు వైపులా రెక్కల్లా నిలబడి, లేని వెడల్పు చూపిస్తుంది. మన బోరు నీళ్లు కూడా ఇదే పని చేస్తాయి. ఉప్పు నీళ్లలో సబ్బు సరిగ్గా కరగక, ఆ తెట్టు నూలులో చేరి గుడ్డ గట్టిపడుతుంది. ఆఖరి బకెట్‌లో రెండు మూడు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి జాడిస్తే మెత్తబడుతుంది. జరీ ఉన్న వాటికి మాత్రం వెనిగర్ వద్దు.

ముందు బటన్లున్న గౌను ఛాతీ దగ్గర నోరు తెరుస్తోంది

బటన్లు సమాన దూరంలో కుట్టేసి ఉంటాయి, ఛాతీ ఎత్తుగా ఉన్న చోటు రెండు బటన్ల మధ్యకొస్తుంది. సందు అర ఇంచు లోపల ఉంటే రెండు బటన్ల మధ్య లోపలి వైపు టిచ్ బటన్ కుట్టండి, పైకి కనిపించదు. కొత్తగా కుట్టించుకుంటుంటే మొదటి బటన్ సరిగ్గా ఆ ఎత్తు మీద పెట్టించి, మిగతావి దానికి పైనా కిందా రెండున్నర ఇంచుల దూరంలో లెక్కేయించండి. అర ఇంచు దాటిన సందును టిచ్ బటన్ ఆపలేదు, దాని చుట్టూ గుడ్డ చిరుగుతుంది. సైడ్ కుట్టు వదలాల్సిందే.

చంక పట్టేస్తోంది, చెయ్యెత్తితే గౌనంతా లేస్తోంది

అందరూ చంక లోతు పెంచమంటారు. పెంచితే ఇంకా చెడుతుంది. చెయ్యి అతికిన చోటు ఎంత కిందికి పోతే, చెయ్యి ఎత్తినప్పుడు అంత గుడ్డ దాంతో పాటు లేస్తుంది. చంక ఒంటికి దగ్గరగా ఉండి, చెయ్యి వెడల్పుగా ఉండాలి. భుజం కింద కండ దగ్గర టేపు పెట్టి కొలిచి, దానికి 2 ఇంచులు కలిపి చెయ్యి కత్తిరించమనండి. కుట్టేసిన దానికైతే చంక కింద 3 ఇంచుల చదరపు ముక్కను మూల మీద నిలబెట్టి అతికించాలి. అదే గుడ్డ దొరక్కపోతే మ్యాచింగ్ సెంటర్‌లో రంగు కలిసే టూ బై టూ కాటన్ తీసుకోండి, చెయ్యి దించితే ముక్క కనపడదు.

స్కర్టు అంచు వెనక లేచి, ముందు కిందికి దిగుతోంది

రెడీమేడ్ స్కర్టుల్లో తరచూ కనిపించే లోపం ఇది. ముందు, వెనక ఒకే పొడవున కత్తిరిస్తారు. సీటు నిండుగా ఉంటే వెనక గుడ్డ దాని మీదుగా ఎక్కి దిగాలి, ఆ దారి పొడవు. దాంతో వెనక అంచు పైకి పోతుంది. సైడ్ కుట్టు నేలకు నిటారుగా దిగకుండా వెనక్కి వంగి ఉందా చూడండి. వంగిందంటే సీటు దగ్గర వెడల్పు కూడా చాలలేదు.

ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి, నేల నుంచి అంచు దాకా ముందు, పక్కల, వెనక స్కేలుతో కొలిపించండి. ముందు 5 ఇంచులు, వెనక 6న్నర ఉందనుకుందాం, తేడా ఒకటిన్నర. ఇప్పుడు ముందు అంచు మడిచి కుట్టేయాలనిపిస్తుంది. చేయకండి. బార్డరుంటే అది వంకర పోతుంది, లేకపోయినా నేత అడ్డదిడ్డంగా దిగి నాలుగు ఉతుకులకు అంచు మెలితిరుగుతుంది. సరిచేయాల్సింది పైన. నడుము బెల్టు విప్పి, ముందు మధ్యలో ఒకటిన్నర ఇంచు కిందికి గీత పెట్టి, సైడ్ కుట్ల దగ్గరికి సున్నా అయ్యేట్టు వంపుగా గీసి, పై గుడ్డ కోసి బెల్టు మళ్లీ అతకాలి. ముందు భాగం పైకి లేచి అంచు సమానమవుతుంది. కొత్తగా కుట్టించేటప్పుడైతే ఏదీ కోయకుండా వెనక పై భాగంలో ఆ ఒకటిన్నర ఇంచు కలుపుకోవచ్చు.

నడుము వెనక వైపు ఒక్కో పక్కా ఒకే పెద్ద డాట్ (గుడ్డను మడిచి కొసదేలేట్టు వేసే కుట్టు) వేస్తే దాని కొస దగ్గర సంచిలా ఉబ్బుతుంది. దాన్ని రెండు చిన్న డాట్లు చేసి, 5 ఇంచుల లోపల ముగించమనండి. పొట్ట ముందుకున్న వాళ్లకు ఈ లెక్కంతా తిరగబడుతుంది, అంచు ముందు లేస్తుంది, గుడ్డ వెనక తగ్గించాలి.

పట్టు లంగా కుచ్చులు పెడితే నడుము డ్రమ్ములా అవుతోంది

ధర్మవరం పట్టు, బనారస్ లాంటి నిలబడే గుడ్డలకు ఇది తప్పదు. లెక్క చూడండి. లంగాకు 4 మీటర్ల గుడ్డంటే దాదాపు 157 ఇంచులు. దాన్ని 36 ఇంచుల నడుములోకి కుదిస్తే సగటున నాలుగు పొరలకు పైన గుడ్డ నడుము చుట్టూ చేరుతుంది, దాని మీద లైనింగ్, బొందు, ముడి. ఎంత సన్నటి వాళ్లకైనా నడుము కనపడదు.

మంచి దారి యోక్. నడుము నుంచి 6 ఇంచుల దాకా కుచ్చుల్లేకుండా సాదా గుడ్డ వేసి, కుచ్చులు దాని కింద మొదలుపెట్టించాలి. కుచ్చులు సీటు వెడల్పు దగ్గర మొదలవుతాయి కాబట్టి పొరలు మూడున్నర లోపలికి వస్తాయి, నడుము దగ్గర అసలుండవు. ఓణీ చెక్కుకున్నాక యోక్ చాలావరకు కప్పుకుపోతుంది. యోక్‌కు అదే రంగు గట్టి కాటన్ చాలు, పట్టు ఖర్చు చేయనక్కర్లేదు.

యోక్ ఇష్టం లేకపోతే, బొడ్డుకు అటూ ఇటూ కలిపి 5 ఇంచులు సాపుగా వదిలేసి, అక్కడి నుంచి కుచ్చుల మడత ముఖాలు రెండు పక్కలకు తిరిగేట్టు పెట్టించండి. పై నుంచి 5 ఇంచులు కుచ్చులను కుట్టేయాలి. కుట్టకుండా వదిలిన కుచ్చు కూర్చుని లేచేసరికి విచ్చుకుంటుంది. బొందు తీసేసి, 2 ఇంచుల వెడల్పు బెల్టుకు లోపల బక్రం (గట్టి గుడ్డ) వేయించి, పక్కన జిప్పు, రెండు హుక్కులు పెట్టించుకుంటే పెళ్లిలో గంటల తరబడి కూర్చున్నా నడుము కోయదు. జరీ వైపు ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనించొద్దు, తిరగేసి పైన గుడ్డ వేసి చేయాలి.

జార్జెట్ గౌను కాళ్లకు, పొట్టకు అంటుకుంటోంది

గాలి పొడిగా ఉండే రోజుల్లో పాలిస్టర్ మీద పాలిస్టర్ రాసుకుని కరెంటు పుడుతుంది. లోపల కాటన్ స్లిప్ వేసుకుంటే పోతుంది. తొందరలో ఉంటే చేతులకు కాస్త లోషన్ రాసుకుని గౌను లోపలి వైపు నిమరండి. లైనింగ్ వేయిస్తుంటే కాటన్ గుడ్డను ముందు రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వాలి. ఇది మరిచిపోతే మొదటి ఉతుక్కే లైనింగ్ కుంచించుకుని, పై గుడ్డ పొట్ట దగ్గర బుడగలా లేస్తుంది. దానికి మందు లేదు, లైనింగ్ విప్పి మళ్లీ వేయడమే.

నలుపు సన్నగా చూపిస్తుందని ఎండాకాలంలో కూడా నల్ల జార్జెట్ కొనేవాళ్లున్నారు. కర్నూలు మే నెల ఎండలో చెమట ఆరి దాని మీద తెల్లటి ఉప్పు చారలు పడితే చూపు అక్కడికే పోతుంది. ముదురు నీలం, చిన్న పూల ప్రింటు మేలు.

స్వెటర్ అంచు తుంటి మీదికి చుట్టుకుపోతోంది

మన దగ్గర చలి డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో తప్ప పెద్దగా ఉండదు, బెంగళూరు ప్రయాణాలకు తప్ప మందపాటి ఊలు అక్కర్లేదు. ఊలు మందం ఒంటి వెడల్పుకు తోడవుతుంది కాబట్టి సన్నటి అల్లికదే కొనండి. పొడవు సీటు వెడల్పు దగ్గర ముగియకూడదు. ముగిస్తే ఆ వెడల్పు మీద గీత గీసినట్టుంటుంది. తుంటి ఎముక దగ్గరైనా ఆగాలి, తొడ మధ్యకైనా దిగాలి.

చుట్టుకుపోవడానికి కారణం అంచున ఉన్న బిగువు రిబ్ (నిలువు గీతల్లా అల్లిన పట్టీ). ట్యాగ్ మీద ఊలు అనుంటే అంచు తడిపి, తువాలు మీద పరిచి, కావలసిన వెడల్పుకు లాగి గుండుసూదులు గుచ్చి నీడలో ఆరనివ్వండి. ఉతికిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. రోడ్డు పక్కన అమ్మే స్వెటర్లు ఎక్కువగా అక్రిలిక్, వాటికి తడి పని చేయదు, వేడి ఆవిరి పని చేస్తుంది. అంచును వెడల్పుగా లాగి గుండుసూదులు గుచ్చి, ఆవిరి ఇస్త్రీ పెట్టెను ఒక ఇంచు ఎత్తులో పట్టుకుని ఆవిరి మాత్రమే తగలనివ్వండి. రిబ్ మెత్తబడి బిగువు వదిలేస్తుంది, మళ్లీ రాదు. అందుకే ముందు లోపలి కుట్టు దగ్గర ఒక ఇంచు మేర చేసి చూసుకోవాలి. పెట్టె ఆనితే అల్లిక సాగి జీవం పోయిన గుడ్డలా వేలాడుతుంది, దాన్ని ఏమీ చేయలేం.

అల్లిక కుర్తీ, గౌను కొనేముందు షాపులోనే రెండు పరీక్షలు. 4 ఇంచుల ముక్కను వేళ్లతో పట్టి 6 ఇంచులకు లాగి వదలండి, వెంటనే 4కి రాకపోతే సాయంత్రానికి సీటు, మోకాళ్ల దగ్గర సంచులు పడతాయి. తర్వాత రెండు చేతుల మధ్య లాగి వెలుతురుకు పెట్టండి. వేళ్లు కనిపిస్తే ఒంటి మీద లోపలి పట్టీలన్నీ కనిపిస్తాయి.

ఉతికాక తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు పొడవు సాగుతుంది, వెడల్పు తగ్గి పొట్టకు పట్టేస్తుంది. తువాలులో చుట్టి నీళ్లు పిండి, మంచం మీద పరిచి ఆరేయండి. తొడలు, చంకలు రాసుకునే చోట లేచే బుడిపెలను లాగితే దారం కూడా వస్తుంది. గుడ్డను బల్ల మీద పరిచి, షేవింగ్ బ్లేడును పడుకోబెట్టి ఒకే వైపు తేలిగ్గా గీకాలి.