లినక్స్‌కు మీ తొలి అప్లికేషన్: ఖాళీ ఫైలుతో మొదలుపెట్టకండి

కర్నూలులో మా ఇంటికి వచ్చే డిగ్రీ విద్యార్థులు లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌కు అప్లికేషన్ రాయాలనుకోగానే ముందు ఖాళీ ఫైలు తెరుస్తారు. దయచేసి అలా చేయకండి. గ్నోమ్ అప్లికేషన్లు రాసేందుకు ఉన్న గ్నోమ్ బిల్డర్‌లో కొత్త ప్రాజెక్టు తెరిచి పైథాన్ ఎంచుకోండి. జీటీకే 4 (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ)తో నడిచే చిన్న విండో, దానికి కావలసిన ఫైళ్లు అన్నీ అదే సిద్ధం చేసి ఇస్తుంది. మొదటిసారి నడిపేటప్పుడు దిగుమతయ్యే ఎస్‌డీకే (అప్లికేషన్ తయారీకి కావలసిన సరంజామా) చాలా పెద్దది, ఫోను డేటా మీద ఆధారపడవద్దు.

ఒక్కచోట మాత్రం నిదానించండి: అప్లికేషన్ ఐడీ, అంటే మీ అప్లికేషన్‌ను గుర్తుపట్టే ప్రత్యేకమైన పేరు. డెస్క్‌టాప్ ఫైలు, ఐకాన్, సెట్టింగులు, ఫ్లాట్‌ప్యాక్ (అప్లికేషన్‌ను ప్యాకేజీగా అందించే పద్ధతి) వివరాలు అన్నింటిలోనూ ఆ పేరే ఉంటుంది. తర్వాత మార్చాలంటే ప్రతి ఫైలూ వెతకాలి, ఒక్కటి తప్పినా ఐకాన్ కనిపించకపోవచ్చు. నాకు ఒకసారి దీనికే ఒక సాయంత్రం పట్టింది.

ఇక విండో రూపం రాసి ఉండే విండో.యూఐ ఫైలు తెరవండి. అందులో 'హలో, వరల్డ్!' అనే లేబుల్ ఉంటుంది. దాన్ని 'ఉల్లి క్వింటాలు ధర' అని మార్చి మళ్లీ నడపండి. మన మార్కెట్ యార్డు లెక్క కట్టే చిన్న అప్లికేషన్‌కు అదే తొలి అడుగు. లేబుల్‌కు, బటన్‌కు వెడల్పు అంకెల్లో బిగించకండి. తెలుగు మాటలు పొడవు, మీరు పెట్టిన అంకె సరిపోకపోవచ్చు. పొడవైన లేబుల్‌కు ర్యాప్ అనే గుణాన్ని ట్రూ చేస్తే రెండో వరుసలోకి చక్కగా దిగుతుంది.

గ్నోమ్‌కు బదులు కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ వాడేవారైతే దాని అప్లికేషన్లకు వాడే క్యూటీ, కిరిగామి లైబ్రరీలతో మొదలుపెట్టండి.