మీట నొక్కాక ఆలస్యంగా పలికే ప్లగిన్‌ను దారికి తేవడం ఎలా?

కంప్యూటర్‌లో సంగీతం చేసే సాఫ్ట్‌వేర్‌లో పియానో ప్లగిన్ (అందులో చేరి పియానోలా పలికే ప్రోగ్రాము) తెరిచి, మిడి కీబోర్డు (ఏ మీట నొక్కారో కంప్యూటర్‌కు చెప్పే పరికరం) మీద మీట నొక్కుతారు. వేలు ఎప్పుడో దిగిపోయింది, స్వరం మాత్రం తీరిగ్గా వెనకాల వస్తుంది. విలంబంలో నడిచే పాటయితే ఎలాగో సర్దుకుపోవచ్చు. కాస్త వేగం పెరిగిందంటే వేళ్లది ఒక తాళం, చెవులది ఇంకో తాళం.

అప్పుడు అందరూ చేసే మొదటి పని బఫర్ సైజు, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతలో పంపే ముక్క పరిమాణం, తగ్గించడం. ఒక్కోసారి అది నిజంగానే పనిచేస్తుంది. పనిచేయకపోతే ఇంకా తగ్గిస్తారు. శబ్దం చిటపటలాడడం మొదలవుతుంది కానీ ఆలస్యం ఉన్నచోటే ఉంటుంది. లేటెన్సీ అని ఒకే పేరు పెట్టి పిలిచేది నిజానికి మూడు నాలుగు వేర్వేరు జబ్బులు. అందుకని సెట్టింగుల జోలికి పోయేముందు అది ఏ జబ్బో తేల్చుకోవాలి. దానికి పట్టేది పది నిమిషాలే.

1. ముందు మౌస్‌తో పరీక్షించండి

కీబోర్డును పక్కన పెట్టండి. ప్రాజెక్టులో మెట్రోనోమ్ ఆన్ చేసి, ప్రతి దెబ్బ మీదా ఒక స్వరం పడేలా మౌస్‌తో గ్రిడ్ మీద గీసి ప్లే చేయండి. స్వరం, మెట్రోనోమ్ కలిసి పలికితే ప్లగిన్ తప్పేమీ లేదు. ఆలస్యమంతా మీరు ప్రత్యక్షంగా వాయించేటప్పుడు వచ్చేదే, కాబట్టి 2 నుంచి 6 వరకు ఉన్న అడుగులు మీకోసమే. మౌస్‌తో గీసినా వెనకబడి వినిపిస్తే బఫర్‌ను ఎంత తగ్గించినా లాభం లేదు. ఒకసారి సాఫ్ట్‌వేర్‌లో డిలే కాంపెన్సేషన్ (ట్రాక్‌లన్నీ కలిసి పలికేలా సర్దే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, నేరుగా చివరి అడుగుకు వెళ్లండి.

2. ఆలస్యాన్ని కొలవండి

సెట్టింగుల తెర మీద కనిపించే లేటెన్సీ అంకెను పూర్తిగా నమ్మకండి. అది డ్రైవర్ (శబ్ద పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాము) తన గురించి తాను చెప్పుకునే మాట. అసలు సంగతి తేలాలంటే ఫోనులో రికార్డర్ ఆన్ చేసి కీబోర్డు పక్కనే పెట్టండి. స్పీకర్‌ను కూడా దగ్గరకు జరపండి. ఒక మీటను టక్కుమని గట్టిగా కొట్టండి. అలా ఐదారుసార్లు చేయండి. ఆ రికార్డింగును మీ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి బాగా జూమ్ చేస్తే, మొదట మీట అడుగుకు తగిలిన చప్పుడు చిన్న ముల్లులా, తర్వాత స్వరం పెద్ద అలలా కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీయే మీ ఆలస్యం. లెక్కలో రెండు మూడు మిల్లీసెకన్లు అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు.

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం మూడున్నర మీటర్ల అవతల ఉన్న స్పీకర్‌ను వినడంతో సమానం. పియానో, ప్యాడ్‌లు వాయించేవారిలో చాలామందికి అంతవరకు ఇబ్బంది ఉండదు. డ్రమ్స్ వాయించేవారు దానికే నొసలు చిట్లిస్తారు. 30 దాటితే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఐదారు దెబ్బల్లో ఖాళీ ఒక్కోసారి ఒక్కోలా ఉంటే అది మరో రకం తిప్పలు. వైర్‌లెస్ మిడి అయినా, ఎన్నో పరికరాలు వేలాడుతున్న యూఎస్‌బీ హబ్ అయినా కారణం కావచ్చు. కీబోర్డును తీగతో నేరుగా కంప్యూటర్‌కు కలిపి మళ్లీ కొలవండి.

3. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తీసేయండి

ఇందులో చర్చకు తావు లేదు. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి, పంపి, అవతల మళ్లీ విప్పాలి. 100 మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలే. పాట వినడానికి అవి బాగుంటాయి, వాయించడానికి పనికిరావు. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. చాలామంది కథ ఇక్కడితో సుఖాంతమవుతుంది.

4. డ్రైవర్ ఏదో చూడండి

విండోస్‌లో ఆడియో సెట్టింగులు తెరిస్తే డ్రైవర్ రకం కనిపిస్తుంది. ఎంఎంఈ, డైరెక్ట్ సౌండ్ అని ఉంటే ఆలస్యం అక్కడే మొదలైనట్టు. అవి పాత దారులు, శబ్దాన్ని చుట్టూ తిప్పి పంపిస్తాయి. ఏసియో డ్రైవర్ పరికరంతో నేరుగా మాట్లాడుతుంది. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో దాన్ని తెచ్చింది ఈ చుట్టుదారిని తప్పించడానికే. మీకు ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్ లోపలికీ బయటికీ చేరవేసే విడి పెట్టె) ఉంటే దాని తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవర్‌నే వాడండి. ఇంటర్‌ఫేస్ లేకపోతే ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్‌ను గానీ, విండోస్‌లోనే ఉండే వాసాపిలో ఎక్స్‌క్లూజివ్ మోడ్‌ను గానీ ప్రయత్నించండి. మ్యాక్‌లో కోర్ ఆడియోయే ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు.

5. ఇప్పుడు బఫర్

బఫర్ అంటే కంప్యూటర్ ఒక విడతలో లెక్కకట్టి పంపే శాంపిళ్ల (శబ్దపు చిన్నచిన్న కొలతల) సంఖ్య. దాన్ని శాంపిల్ రేటుతో, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్లో ఆ సంఖ్యతో, భాగిస్తే సమయం వస్తుంది. 44,100 రేటు దగ్గర 64 శాంపిళ్లంటే సుమారు 1.5 మిల్లీసెకన్లు, 128 అంటే 2.9, 256 అంటే 5.8, 512 అంటే 11.6, 1,024 అంటే 23.2. దీనికి డ్రైవర్ గుట్టుగా దాచుకునే అదనపు బఫర్, ఇంటర్‌ఫేస్‌లో అంకెలను శబ్దంగా మార్చే కన్వర్టర్ తలా కాస్త కలుపుతాయి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు.

పాడేవారు రానూపోనూ రెండు దారుల ఆలస్యాన్నీ మోయాలి. ప్లగిన్ వాయించేవారికి బయటికి పోయే దారి ఒక్కటే. అందుకని సెట్టింగుల్లో రెండు అంకెలుంటే అవుట్‌పుట్ అంకెను చూడండి.

రికార్డు చేసేటప్పుడు 128తో మొదలుపెట్టండి. చిటపటలు వస్తే ఒక మెట్టు పైకి వెళ్లండి. పైకి వెళ్లడం ఇష్టం లేకపోతే కంప్యూటర్ బరువు దించండి: ఇప్పటికే పూర్తయిన ట్రాక్‌లను ఫ్రీజ్ చేయండి (తాత్కాలికంగా ఆడియోగా మార్చేయండి), ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు పెట్టి పవర్ సెట్టింగును గరిష్ఠ పనితీరుకు మార్చండి, వైఫై ఆపి చూడండి. వైఫై డ్రైవర్‌కూ పియానోకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. ప్రాసెసర్‌ను మధ్యమధ్యలో అది లాక్కుంటుంటే బఫర్ సమయానికి నిండదు, అదే చిటపట. మిక్సింగ్‌కు కూర్చున్నాక బఫర్‌ను మళ్లీ 1,024కు పెంచేయండి. అప్పుడు ఆలస్యంతో ఎవరికీ పని లేదు.

6. ఖాళీ ప్రాజెక్టు పరీక్ష

నన్ను ఒక రాత్రంతా కూర్చోబెట్టిన జబ్బు ఇదే. పాట దాదాపు పూర్తయింది, చివర్లో గంటల శబ్దంతో చిన్న బిట్ ఒకటి చేర్చాలి. బఫర్ 64లో ఉంది. అయినా మీట నొక్కితే స్వరం ఎక్కడో వెనకాల. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, కేబుల్ మార్చాను, కీబోర్డును తిట్టాను. చివరికి విసుగొచ్చి కొత్త ఖాళీ ప్రాజెక్టులో అదే ప్లగిన్ తెరిస్తే టక్కున పలికింది! దొంగ పాత ప్రాజెక్టులోనే ఉన్నాడు: మాస్టర్ (ట్రాక్‌లన్నీ కలిసే చివరి దారి) మీద వేసిన లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపే ప్లగిన్).

కొన్ని ప్లగిన్లు రాబోయే శబ్దాన్ని ముందే చూసుకోవాలి. లుక్‌ఎహెడ్ ఉన్న లిమిటర్లు, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లు, రొద తగ్గించే ప్లగిన్లు అలాంటివే. ముందు చూడాలంటే శబ్దాన్ని కాసేపు ఆపిపెట్టుకోక తప్పదు. ఒక ప్లగిన్ 4,096 శాంపిళ్లు ఆపిందనుకోండి, 44,100 రేటు దగ్గర అది 93 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్ మిగతా ట్రాక్‌లన్నిటినీ అంతే వెనక్కి జరిపి అన్నీ కలిసి పలికేలా చేస్తుంది. డిలే కాంపెన్సేషన్ అంటే ఇదే. అందుకే ప్లేబ్యాక్‌లో ఏమీ తెలియదు. మీరు వాయించేటప్పుడు మాత్రం ఆ 93 మిల్లీసెకన్లూ మీ వేళ్ల మీద పడతాయి. బఫర్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు.

రీపర్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్టుల విండో అడుగున ఆ ప్లగిన్ ఎన్ని శాంపిళ్లు ఆపుతోందో రాసి ఉంటుంది. ఏబుల్టన్ లైవ్‌లో ప్లగిన్ పేరు మీద మౌస్ ఉంచితే కింద కనిపిస్తుంది. నేరస్థుణ్ని పట్టుకున్నాక బైపాస్ (ప్లగిన్ పనిని తాత్కాలికంగా దాటవేసే బటన్) నొక్కి ఊరుకోకండి. బైపాస్‌లో ఉన్నా ఆ ఆలస్యాన్ని అలాగే ఉంచే ప్లగిన్లు, సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. మధ్యలో ఆన్, ఆఫ్ చేసినప్పుడు పాట ఎగిరిపడకుండా ఆ ఏర్పాటు. కాబట్టి ప్లగిన్‌ను పూర్తిగా డీయాక్టివేట్ చేయండి, అదీ కుదరకపోతే రికార్డింగ్ అయ్యేదాకా తీసేయండి. లాజిక్ ప్రోలో లో లేటెన్సీ మోడ్, క్యూబేస్‌లో కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ అనే బటన్లు ఈ పనిని ఒక్క నొక్కుతో చేస్తాయి.

7. వినడానికి బాగుంది, రికార్డయింది మాత్రం పక్కకు పడింది

వాయించినప్పుడు సరిగ్గానే ఉంది, తిరిగి వింటే స్వరాలన్నీ ముందుకో వెనక్కో జరిగాయి. మిడి స్వరాన్ని వేలు పడిన క్షణంలో రాయాలా, చెవికి వినిపించిన క్షణంలో రాయాలా అన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. ఆలస్యాన్ని తట్టుకోవడానికి మనకు తెలియకుండానే కాస్త ముందుగా వాయించే అలవాటు కూడా ఉంది. అన్నీ ఒకే కొలతలో జరిగి ఉంటే మొత్తం ఎంచుకుని అంత మేర జరిపేయండి. విండోస్‌లో క్యూబేస్ వాడేవారు మిడి సెట్టింగుల్లో సిస్టమ్ టైమ్‌స్టాంప్ అనే అంశాన్ని మార్చి చూడాలి. క్వాంటైజ్ (స్వరాలను గ్రిడ్ గీతల మీదికి లాగే ఆదేశం) కొట్టి ముగించేయకండి. జబ్బు దాగుతుంది, వాయించిన తీరులోని ఒడుపు కూడా పోతుంది.

8. వాయిద్యమే నిదానమైతే

మౌస్‌తో గీసినా ఆలస్యం వచ్చినవారు ఇక్కడికి రండి. వయొలిన్ల బృందాన్ని రికార్డు చేసి తయారుచేసిన ప్లగిన్‌లో విల్లు తీగను పట్టుకునే ఆ తొలి క్షణం కూడా ఉంటుంది. స్వరం నుంచి స్వరానికి జారే లెగాటోలో ఆ జారుడుకూ సమయం పడుతుంది. అది తప్పు కాదు, వాయిద్యపు నడక.

ఒక స్వరాన్ని గ్రిడ్ గీత మీద పెట్టి ఆడియోగా మార్చండి. జూమ్ చేసి, గీత నుంచి శబ్దం నిలదొక్కుకున్న చోటుకు ఎంత దూరమో కొలవండి. అది 60 మిల్లీసెకన్లయితే ఆ ట్రాక్ డిలే గడిలో మైనస్ 60 వేయండి. స్టకాటోకు (స్వరాలను తుంచి వాయించే తీరుకు), లెగాటోకు అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి రెండిటినీ వేర్వేరు ట్రాక్‌లలో పెట్టుకోవడం మేలు.

ఇది ప్లేబ్యాక్‌ను మాత్రమే సరిచేస్తుంది, వాయిస్తున్నప్పటి బరువు అలాగే ఉంటుంది. నేనయితే ఆ బాణీని మొదట పియానోతోనో స్టకాటోతోనో వాయించి రికార్డు చేస్తాను, తర్వాత అదే మిడిని లెగాటో వయొలిన్ల ట్రాక్‌లోకి లాగి అక్కడ మైనస్ అంకె వేస్తాను.