పాత ఆటోమేటిక్ కారు కొంటున్నారా? ముందు గేర్‌బాక్స్ ఏ రకమో చూడండి

పదేళ్లు దాటిన కారైతే మా ఓటు టార్క్ కన్వర్టర్‌కే, అంటే ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే ఆటోమేటిక్‌కే. పాత ఐ10లో వచ్చిన 4 గేర్ల బాక్స్ పెట్రోలు కాస్త ఎక్కువే తాగుతుంది, కానీ గట్టిపిండం.

2014లో మారుతి సెలేరియోతో మన దగ్గరికొచ్చిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం యాక్చుయేటర్ అనే యంత్రభాగం చూసుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేట్ అయిపోయినట్టే; ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

విడి గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీకి ఆయిలే ప్రాణం. ఆయిల్ మార్చిన బిల్లులు చూపించకపోతే ఆ కారు వదిలేయండి. లోపల స్టీల్ బెల్టు జారి పుల్లీ గీరుకుపోతే బాక్స్ మొత్తం విప్పాల్సిందే. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్; ఆ క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు) ట్రాఫిక్‌లో పాకుతూ పోతే వేడెక్కుతుంది, రిపేరు లక్ష దాటొచ్చు. వారంటీ లేకుండా వద్దు.

పరీక్ష ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉండగా మొదలుపెట్టండి. బ్రేక్ నొక్కి ఆర్ (రివర్స్), తర్వాత డీ (డ్రైవ్) వేయండి. టార్క్ కన్వర్టర్ బండిలో గేరు ఒకట్రెండు సెకన్లలో పట్టాలి; ధన్‌మని కుదిపితే అనుమానించాలి. అరగంట నడిపి, వేడి మీద మళ్లీ చూడండి. చాలా లోపాలు అప్పుడే బయటపడతాయి. గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ (ఆయిల్ చూసే పుల్ల) ఉంటే ఆ ఆయిల్ చుక్క తెల్ల కాగితంపై వేయండి: నల్లబడి మాడు వాసన కొడితే లోపలి క్లచ్‌లు కాలాయి.