ఉస్మానియా చరిత్ర రాయబోయేవారికి కొన్ని సూచనలు

విశ్వవిద్యాలయ చరిత్ర అనగానే ఉపకులపతుల పేర్లనూ పదవీకాలాలనూ వరుసగా పేర్చడం మనకు అలవాటైపోయింది. ఆ పట్టిక అనుబంధంలో ఉంటే చాలు. ఉస్మానియా గురించి రాసేవారు ముందుగా తేల్చుకోవలసినది దాని పుట్టిన సంవత్సరం, ఎందుకంటే దానికి మూడు సంవత్సరాలు వినిపిస్తాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్థాపనకు ఆమోదం తెలుపుతూ ఫర్మానా ఇచ్చినది 1917 ఏప్రిల్ 26న. విశ్వవిద్యాలయం అధికారికంగా ఏర్పడినది 1918లో. అద్దె భవనంలో తరగతులు మొదలైనది 1919లో. వీటిలో ఏది ఒప్పు, ఏది తప్పు అనే వాదనలోకి దిగకుండా, 1917లో నిర్ణయించారు, 1918లో స్థాపించారు, 1919లో చదువు మొదలుపెట్టారు అని ఏ సంవత్సరానికి తగిన క్రియను దానికి రాయండి.

పాత కాగితాల్లో తేదీలు తరచుగా ఫసలీలో, అంటే నిజాం ప్రభుత్వం వాడిన రెవెన్యూ పంచాంగంలో ఉంటాయి. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరు మొదట్లో ప్రారంభమయ్యేది కాబట్టి, క్రీస్తుశకం తెలియాలంటే, అక్కడినుంచి డిసెంబరు వరకు ఉన్న తేదీలైతే ఫసలీ సంవత్సరానికి 590, జనవరి నుంచి ఉన్నవైతే 591 కలపాలి. హైదరాబాదు రాజ్యంపై భారత సైన్యం పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు ఈ లెక్కన 1357 ఫసలీ అవుతుంది. తెలిసిన ఇలాంటి తేదీతో ఒకసారి సరిచూసుకున్న తరువాతే మిగిలినవాటిని మార్చండి.

ఇక ఎక్కువ పేజీలు కేటాయించవలసినది బోధనా భాషకు. నిజాం ప్రభుత్వ ఉన్నతాధికారి అక్బర్ హైదరీ ప్రతిపాదన ప్రకారం ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉన్నప్పటికీ పాఠాలన్నీ ఉర్దూలోనే సాగాయి. దేశభాషలో విశ్వవిద్యాలయ స్థాయి విద్య సాధ్యం కాదనుకుంటున్న రోజుల్లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి, శాస్త్ర గ్రంథాలను తర్జుమా చేయించి, లేని పారిభాషిక పదాలను కల్పించుకుని మరీ ఆ పని చేశారు. భౌతికశాస్త్రాన్ని తబీయాత్ అని, వృక్షశాస్త్రాన్ని నబాతియాత్ అని, జంతుశాస్త్రాన్ని హైవానియాత్ అని చదువుకున్న తరాలు అక్కడ ఉన్నాయి. పాత పుస్తకాల దుకాణంలో అలాంటి పాఠ్యపుస్తకం ఒక్కటి దొరికినా వదలకండి. ఉర్దూ చదవగలిగినవారి పక్కన కూర్చుని కనీసం విషయసూచికైనా చదివించుకోండి. అయితే రాజ్యంలో అత్యధికులకు ఉర్దూ మాతృభాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలకు అది కూడా నేర్చుకోవలసిన భాషే. ఆ సాహసమూ ఈ భారమూ రెండూ ఒకే అధ్యాయంలో ఉండాలి; ఒకదాన్ని దాచి రెండోదాన్ని పొగిడినా, తిట్టినా అది చరిత్ర కాదని నా దృఢమైన అభిప్రాయం. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారినప్పుడు ఆ అనువాద కృషి ఏమైందో కూడా తప్పక రాయండి.

విద్యార్థి ఉద్యమాలను రాసేటప్పుడు తెలంగాణ ఉద్యమం సాగిన 1969తోనో 2009తోనో మొదలుపెట్టవద్దు. 1938లో వసతిగృహాల్లో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురైన విద్యార్థుల్లో చాలామంది నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించారు. ఆ కథ ముందు చెబితే తరువాతివి వాటంతట అవే అర్థమవుతాయి.

భవనాలను ఫోటోలు చూసి వర్ణించకండి. 1934లో శంకుస్థాపన జరిగి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాలకు బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పన చేశాడు. ఉదయపు ఎండ పడే వేళ మెట్ల దగ్గర నిలబడి, గులాబీ ఛాయ గల గ్రానైటు రాళ్ళనూ, ఎల్లోరాను తలపించే స్తంభాలనూ, వాటితో కలిసిపోయిన ఇస్లామీ కమానులనూ తీరిగ్గా చూడండి. చూసిన తరువాత రాసిన వాక్యం వేరుగా ఉంటుంది.

చివరిగా విశ్వవిద్యాలయ పరిధిని సంవత్సరాలవారీగా ఒక పటంపై గీసుకోండి. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంది. 1901లో మొదలైన నిజామియా ఖగోళ వేధశాల 1919లో ఉస్మానియాకు చేరింది. వరంగల్‌లోని స్నాతకోత్తర కేంద్రం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. 1924లో మొదలై, తరువాత కోఠిలోని పాత రెసిడెన్సీ భవనానికి చేరిన మహిళా కళాశాల 2022లో ప్రత్యేక విశ్వవిద్యాలయంగా విడిపోయింది. అందువల్ల విద్యార్థుల సంఖ్య రాసే ప్రతిచోటా ఆ ఏడాది ఏయే కళాశాలలు, ఏయే జిల్లాలు ఉస్మానియా కింద ఉన్నాయో పక్కనే రాయండి. లేకపోతే 1976కు ముందు సంఖ్యను తరువాతి సంఖ్యతో పోల్చిన పాఠకుడు వరంగల్ విడిపోవడాన్ని విద్యార్థులు తగ్గిపోవడంగా పొరబడతాడు.