జీవిత బీమా క్లెయిము తిరస్కరిస్తే: సరిహద్దు జిల్లాల తెలుగువారికి వకీలు ఎక్కడ అవసరం, ఎక్కడ అక్కరలేదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు కుటుంబాలలో ఇంటి పెద్ద పోయాక క్లెయిము తిరస్కరణకు గురైతే, చాలామంది తిన్నగా వకీలు దగ్గరికో, వచ్చినదానిలో వాటా అడిగే మధ్యవర్తి దగ్గరికో వెళతారు. అంతకంటే ముందు తిరస్కరణ లేఖ చేతిలో ఉండాలి. నోటిమాటతో తిప్పి పంపితే, కారణం రాతపూర్వకంగా తెలుపమని నామినీ పేరున రిజిస్టరు పోస్టులో అడిగి, ఆ రసీదు భద్రపరచుకోవాలి.

లేఖ రాగానే తేదీలు చూడాలి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ జారీ అయి, లేదా రిస్కు (బీమా రక్షణ) మొదలై, లేదా ప్రీమియం కట్టక లాప్సయిన పాలసీని పునరుద్ధరించి, వీటిలో ఏది ఆఖరుదైతే దాని నుంచి 3 సంవత్సరాలు నిండితే, ఏ కారణంతోనూ ఆ పాలసీని ప్రశ్నించకూడదు. 3 సంవత్సరాల లోపు మరణమైతే "జబ్బు దాచారు" అన్న ఆరోపణ రావచ్చు. అది మోసం ఆరోపణ అయి, పాలసీదారు జీవించి లేకపోతే, మోసం జరగలేదని చూపవలసిన భారం నామినీ మీదే పడుతుంది. న్యాయవాది నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో చికిత్స జరిగి ఉంటే, అక్కడి కేసు షీటు (ఆసుపత్రి చికిత్స రికార్డు) నకలు తెచ్చి, "పదేళ్లుగా షుగరు" వంటి మాట ఎవరు చెప్పగా రాశారో గమనించాలి. తెలుగులో సంతకమో వేలిముద్రో వేసిన మనిషికి ఇంగ్లీషు ప్రపోజల్ ఫారాన్ని (పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తును) ఎవరు చదివి వినిపించారన్నది కూడా ముఖ్యమైన ప్రశ్న కనుక, ఆ ఫారం నకలును తప్పక అడగాలి.

సంస్థకు ఫిర్యాదు చేసి నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, సంవత్సరం లోపు బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులను విచారించి తీర్పు ఇచ్చే అధికారిని) ఆశ్రయించవచ్చు. అక్కడ ఇప్పించగల సొమ్ముకు పరిమితి 50 లక్షల రూపాయలు; ఫీజు లేదు, వకీలుకు ప్రవేశమూ లేదు, నామినీయే మాట్లాడాలి. ఒడిశాలో నివసించేవారికి భువనేశ్వర్ కార్యాలయం వర్తిస్తుంది. పాలసీ పాతపట్నం, ఇచ్ఛాపురం వంటి ఆంధ్ర శాఖదైతే హైదరాబాద్ కార్యాలయాన్నీ ఎంచుకోవచ్చు, తెలుగులో చెప్పుకోవడం తేలిక కనుక నేను దానినే సూచిస్తాను. తీర్పు సంస్థను బంధిస్తుంది, ఫిర్యాదుదారును బంధించదు.

తృప్తి లేకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. తిరస్కరణ నుంచి 2 సంవత్సరాల గడువు దాటకూడదు. మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, స్వయంగానూ వాదించుకోవచ్చు. అయితే అఫిడవిట్లు, వైద్య సాక్ష్యం ఉన్న కేసులో వకీలును పెట్టుకోవడమే మంచిది.

వచ్చే సొమ్ములో వాటాగా ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తున్నాయి. ఫీజు ఎంతో ముందే రాయించుకోవాలి. అంతకంటే పెద్ద సంగతి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. భర్తను పోగొట్టుకున్న స్త్రీ వకీలు ఫీజు కోసం అప్పు చేయనక్కరలేదు: జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు, 15100కు ఫోను చేసి వివరాలు అడగవచ్చు. వకాల్తాపై సంతకం చేసేటప్పుడు పాలసీ బాండు, మరణ ధ్రువపత్రం, తిరస్కరణ లేఖల నకళ్లు మాత్రమే ఇచ్చి, అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచుకోండి.