రాత్రికి రాత్రి మోకాలు వాచిందా? యూరిక్ యాసిడ్ పంపే ముందు సిరంజి తీయండి

లక్షణం

డెబ్బై దాటిన మనిషి. రాత్రి బాగానే పడుకున్నారు. తెల్లారేసరికి మోకాలు వాచి, వేడెక్కి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి, కాస్త జ్వరం. తుంటి ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకో, న్యుమోనియాతో చేరిన వారంలోనో ఇలా వచ్చిందంటే కాల్షియం పైరోఫాస్ఫేట్ క్రిస్టల్స్‌ని, అంటే సూడోగౌట్‌ని అనుమానించాలి.

మన డాక్టర్లు చేసేదేంటి? రక్తంలో యూరిక్ యాసిడ్ పరీక్షకి పంపుతారు. 7.8 వస్తే గౌట్ (యూరిక్ యాసిడ్ క్రిస్టల్స్‌తో వచ్చే కీళ్లవాపు) అని ఆ యాసిడ్ తగ్గించే అల్లోప్యురినాల్ రాస్తారు, 5 వస్తే అరుగుదల అంటారు. నీరు పోయే మాత్రలు వాడే పెద్దవాళ్లలో ఆ అంకె ఎలాగూ పెరుగుతుంది. అసలైన గౌట్ దాడి మధ్యలోనూ మామూలుగా ఉండొచ్చు. ఆ కాగితం మీద మోకాలి జబ్బు తేలదు.

ముందు చేయాల్సింది

కీలులో నీరు తీయండి. ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇదే. కణాల లెక్క, గ్రామ్ స్టెయిన్‌తో కల్చర్ (బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్షలు), క్రిస్టల్స్, మూడూ పంపాలి. క్రిస్టల్స్ కనబడ్డాయని కల్చర్ మానేయకండి. చీము పట్టిన కీలులోనూ క్రిస్టల్స్ ఉంటాయి. ఇన్ఫెక్షన్ అనుమానం తీరేదాకా కీలులోకి స్టెరాయిడ్ వద్దు.

'క్రిస్టల్స్ లేవు' అని రిపోర్ట్ వస్తే వెంటనే నమ్మకండి. గౌట్ సూదుల్లా ఇవి తళుక్కుమనవు. చిన్నవి, పొట్టి కడ్డీల్లానో వాలు పలకల్లానో ఉంటాయి. చాలావాటికి పోలరైజ్డ్ వెలుతురులో మెరుపే ఉండదు, అందుకే ముందు మామూలు వెలుతురులో వెతకాలి. ట్యూబు సాయంత్రం దాకా కౌంటర్ మీద పడి ఉంటే ఇక చెప్పేదేముంది. వీలైతే మీరే వెళ్లి తాజా చుక్క చూడండి.

ఎక్స్‌రేలో మోకాలి మెనిస్కస్‌లో (ఎముకల మధ్య మెత్తలాంటి గుజ్జులో) క్రిస్టల్స్ దిగిన సన్నని తెల్లగీత కోసం చూడండి. అక్కడ తేలకపోతే మణికట్టు తీయించండి, చిటికెన వేలి వైపు కనబడొచ్చు. గీత లేనంత మాత్రాన జబ్బు లేదనలేం.

తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ...

నన్ను బోల్తా కొట్టించింది ఇదే. రిటైరైన టీచరు గారు ఏడాదిలో నాలుగుసార్లు వచ్చారు. ప్రతిసారీ నీరు తీశాను, క్రిస్టల్స్ చూశాను, కల్చర్ శుభ్రం, కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి పంపాను. డయాగ్నసిస్ కరెక్టే కదా అని నిశ్చింతగా ఉన్నాను. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయంటే వయసన్నాను. పొటాషియం తక్కువుందని సిరప్ రాశాను, అది పెరగలేదు. అక్కడైనా అనుమానం రావాల్సింది.

నాలుగోసారి వాళ్లమ్మాయి మందుల సంచి బల్ల మీద గుమ్మరించింది. నా చీటీల్లో ఎక్కడా లేని పాంటోప్రజోల్ స్ట్రిప్పులు. 'అది మందు కాదండీ, గ్యాస్ మాత్ర' అన్నారాయన. ఆరేళ్లుగా రోజూ పరగడుపున వేసుకుంటున్నారట. దానికి తోడు బీపీ కోసం నీరు పోయే మాత్ర. మెగ్నీషియం చూస్తే 0.9, బాగా తక్కువ.

పైరోఫాస్ఫేట్‌ని విరగ్గొట్టే ఎంజైములకు మెగ్నీషియం కావాలి. అది తగ్గితే పైరోఫాస్ఫేట్ పేరుకుని కీలు గుజ్జులో క్రిస్టల్స్‌గా దిగుతుంది. గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. కాబట్టి 'ఏ మందులు వాడుతున్నారు' అని అడిగి ఊరుకోకండి, 'గ్యాస్ మాత్ర వేసుకుంటారా' అని విడిగా అడగండి. మళ్లీ మళ్లీ వచ్చే ప్రతివాళ్లకీ మెగ్నీషియం పంపండి. మామూలు పొటాషియం, కాల్షియం టెస్టుల్లో అది కలిసి ఉండదు.

తక్కువుంటే మెగ్నీషియం ఇవ్వాలి. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు పరీక్ష) చూడండి, కిడ్నీ బలహీనమైతే మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోతుంది. మాత్రలతో విరేచనాలవుతాయని ముందే చెప్పండి. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమా అని చూసి, అవసరం లేకపోతే ఆపండి, లేదా ఫామోటిడిన్‌కి మార్చండి. కడుపులో రక్తస్రావం అయినవాళ్లకు మాత్రం తొందరపడి ఆపొద్దు. ఆయనకి ఆ తర్వాత దాడులు బాగా తగ్గాయి. గుజ్జులో అప్పటికే దిగిన క్రిస్టల్స్ అలాగే ఉన్నాయి, వాటిని కరిగించే మందు లేదు.

మిగతావి

అరవై లోపు వాళ్లయితే వెనక వేరే జబ్బు ఉందేమోనని కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఐరన్ పరీక్షలు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కసారి చూస్తే చాలు. కుటుంబాల్లో వచ్చే రకం అరుదు. జ్వరంతో మెడ బిగుసుకున్న పెద్దవాళ్లకు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కాదని తేలాక మెడ పైభాగం సీటీ గుర్తుపెట్టుకోండి, అక్కడా ఈ క్రిస్టల్స్ దిగొచ్చు.

దాడి సమయంలో వాపు తగ్గించే కొల్చిసిన్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి ఒకటో రెండో. కిడ్నీ బాగోలేకపోయినా, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ నడుస్తున్నా అది వద్దు, కొద్ది రోజుల ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్ మాత్ర) మేలు.