సైనిక దళాల చరిత్ర చదవడం – 4వ పాఠం: అంకె కలిస్తే వంశం కలిసినట్లు కాదు

గత పాఠంలో అమెరికా నౌకాదళపు రవాణా స్క్వాడ్రన్ వీఆర్‌సీ-50కి వంశక్రమ పట్టిక (ఏ దళం దేనికి కొనసాగింపో గీతలతో చూపేది) గీయమన్నాను. చాలామంది 1966లో జపాన్‌లోని అత్సుగి దగ్గర మొదలుపెట్టి, గీతను ఏకంగా 2020లో ఏర్పడిన వీఆర్‌ఎం-50 దాకా లాగారు. అందువల్ల ఈసారి కొత్త విషయం జోలికి పోకుండా, ఆ గీత ఎక్కడ ఆగాలో చూద్దాం. వీఆర్‌సీ, వీఆర్‌ఎం లాంటి అక్షరాలు స్క్వాడ్రన్ (విమానాల దళం) రకాన్ని, పక్కనున్న అంకె అందులో అది ఏదన్నదాన్ని చెబుతాయి.

తీరం నుంచి నడిసముద్రంలోని విమానవాహక నౌకలకు మనుషులను, ఉత్తరాలను, విడిభాగాలను చేర్చడం వీఆర్‌సీ-50 పనిగా ఉండేది. దాని సీ-2ఏ గ్రేహౌండ్ విమానం సుమారు నాలుగున్నర టన్నుల బరువు మోసేది. నౌకపై దిగేటప్పుడు తోక కింది కొక్కెం ఉక్కు తాడును పట్టుకుని విమానాన్ని రెండు మూడు సెకన్లలో నిలిపేసేది. ఆ ఊపు వీపు మీద పడేలా ప్రయాణికులను తోకవైపు ముఖం పెట్టి కూర్చోబెట్టేవారు. 1969 అక్టోబరు 2న ఫిలిప్పీన్స్‌లోని క్యూబీ పాయింట్ నుంచి కాన్‌స్టెలేషన్ నౌకకు బయలుదేరిన ఈ స్క్వాడ్రన్ విమానం టోంకిన్ సింధుశాఖలో కూలి, అందులోని 26 మందీ మరణించారు. విమానం లేచిన చోటే స్క్వాడ్రన్ మూలస్థావరమని ఇలాంటి నమోదులను బట్టి తేల్చేయకండి.

ఇక అసలు చిక్కు. స్థావరం మారడం, పేరు మారడం, రద్దు కావడం అనేవి మూడు వేర్వేరు సంఘటనలు. వీఆర్‌సీ-50 తర్వాత అత్సుగి నుంచి ఫిలిప్పీన్స్‌లోని క్యూబీ పాయింట్‌కు మారింది. 1991 జూన్‌లో అక్కడి పినటూబో అగ్నిపర్వతం పేలింది, సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ సెనేట్ అమెరికా స్థావరాల ఒప్పందాన్ని తిరస్కరించింది, మరుసటి ఏడు స్క్వాడ్రన్ పసిఫిక్‌లోని గువామ్ దీవికి తరలింది. అద్దె ఇల్లు మారినంత మాత్రాన కుటుంబం మారదు కనుక ఇక్కడ గీత తెగదు. వీఆర్-30 అనే స్క్వాడ్రన్ 1978లో వీఆర్‌సీ-30 అయింది. అది పేరు మార్పే, అక్కడా గీత తెగదు. కానీ 1994లో వీఆర్‌సీ-50 రద్దయింది, గీత అక్కడితో ఆగిపోవాలి. ఆపైన 26 ఏళ్లకు కాలిఫోర్నియాలోని నార్త్ ఐలండ్ స్థావరంలో, ఆస్ప్రే అనే విమానాన్ని నడిపేవారికి శిక్షణ ఇవ్వడానికి ఏర్పడిన వీఆర్‌ఎం-50 మరో స్క్వాడ్రన్. ఇంకా నమ్మకం కుదరకపోతే 30 అంకెను చూడండి: వీఆర్‌ఎం-30 2018 డిసెంబరులో ఏర్పడింది, వీఆర్‌సీ-30 మాత్రం 2023 దాకా పనిచేస్తూనే ఉంది. ఒకటి మరొకదాని పేరు మార్పే అయితే రెండూ ఒకే కాలంలో ఎలా ఉంటాయి?

వీఆర్‌సీ-50 రద్దయ్యాక జపాన్‌లో దాని పనిని అత్సుగిలోని వీఆర్‌సీ-30 శాఖ చేపట్టింది. పని చేతులు మారిన చోట నేను చుక్కల గీత వేస్తాను, వంశానికి మాత్రమే నిండు గీత. పట్టికను రద్దు తేదీ నుంచి వెనక్కి గీయడం నాకు అలవాటు. ముగింపు ముందే పడితే గీత దాన్ని దాటిపోదు.

అభ్యాసం: 1946లో వీఆర్‌యూ-4గా పుట్టిన రవాణా స్క్వాడ్రన్ వీఆర్-24, మొరాకోలోని పోర్ట్ ల్యోటే, నేపుల్స్, స్పెయిన్‌లోని రోటా, సిసిలీలోని సిగొనెల్లాలలో వేర్వేరు కాలాల్లో ఉండి 1993లో రద్దయింది. సిగొనెల్లాలోనే 1983లో దాని హెలికాప్టర్ల పనిని హెచ్‌సీ-4 అనే హెలికాప్టర్ స్క్వాడ్రన్ తీసుకుంది. పట్టిక గీసి, ప్రతి గీత పక్కన అది నిండుదో చుక్కలదో కారణంతో రాయండి. 1962లో అమెరికా సైనిక విమానాల పేర్లు మారి, ఆర్4డీ అనే రవాణా విమానం సీ-47 అయింది కనుక, ఆ ఏడాది కొత్త విమానం వచ్చినట్లు లెక్కవేయకండి.